కావలివారిని మేల్కొలిపిన కవి హయిమ్ నహ్మన్ బియాలిక్

1903వ సంవత్సరం వసంతకాలంలో ముప్పయి ఏళ్ల వయసుగల ఒక ఉపాధ్యాయుడు కిషినేవ్ నగరంలో అయిదు వారాల పాటు ఇల్లిల్లూ తిరిగారు. విరిగిన తలుపుల పక్కన కూర్చొని, మృత్యువును తప్పించుకున్నవారు చెప్పినదంతా నోటు పుస్తకాలలో వ్రాసుకున్నారు. ఏ ఇంట ఎవరు మరణించారు, ఏ అటక మీద ఎవరు దాగారు, ఆ సమయంలో పోలీసులు ఎక్కడ నిలబడి ఉన్నారు, ఇరుగుపొరుగులలో ఆదుకున్నవారెవరు, దోచుకున్నవారెవరు అనే వివరాలన్నీ ఆ పుస్తకాలలోకి ఎక్కాయి. ఆ ఉపాధ్యాయుని పేరు హయిమ్ నహ్మన్ బియాలిక్. హీబ్రూ భాషకు జాతీయ కవిగా ప్రపంచం నేడు గౌరవించే వ్యక్తి ఆయనే.

ఆ నోటు పుస్తకాలు ఆయన జీవించి ఉండగా అచ్చు కాలేదు. ఆ ప్రయాణం నుండి పుట్టిన ఒక దీర్ఘకవిత మాత్రం రష్యా సామ్రాజ్యం నలుమూలలా యూదు యువకులను కదిలించింది. తమ వీధులకు తామే కాపలా కాయాలనే సంకల్పాన్ని వారిలో రగిలించింది. ఆ కవిత చెప్పినదానికీ, ఆ నోటు పుస్తకాలలో ఉన్నదానికీ మధ్య కొంత దూరం ఉంది. బియాలిక్ జీవితాన్ని తెలుసుకోగోరేవారు ఆ దూరాన్ని కూడా తెలుసుకోవాలి.

తాతగారి ఇంట పెరిగిన బాలుడు

బియాలిక్ 1873 జనవరి 9న వొలీనియా ప్రాంతంలోని రాది అనే చిన్న పల్లెలో జన్మించారు. నాడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్న ఆ ప్రాంతం నేడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. తండ్రి కలప వ్యాపారంలో నష్టపోయి, కుటుంబంతో జితోమీర్ పట్టణానికి చేరి, పొట్టకూటి కోసం సారాయి దుకాణం నడిపారు. ధర్మగ్రంథాలు చదువుకున్న తండ్రి తాగుబోతుల కేకల మధ్య కూర్చొని ఉండడం ఆ పసివాని మనసులో చెరగని ముద్ర వేసింది. బియాలిక్‌కు ఏడేళ్ల వయసులో ఆ తండ్రి కన్నుమూశారు. పేదరికంలో పిల్లలను సాకలేని తల్లి అతనిని తాతగారి ఇంట విడిచిపెట్టింది. తాతగారు నిష్ఠాపరుడు, కఠినుడు. ఆ ఇంటిలో ఆటపాటలు తక్కువ, గ్రంథాలు ఎక్కువ. ఒంటరి బాలునికి ఆ గ్రంథాలే తోడునీడలయ్యాయి.

పదిహేడేళ్ల వయసులో ఆయన వొలోజిన్ పట్టణంలోని ప్రసిద్ధ మత విద్యాలయంలో చేరారు. అక్కడ శాస్త్రగ్రంథాలతో పాటు కొత్త సాహిత్యాన్నీ చదివారు. 1891లో ఒడెస్సా రేవు పట్టణానికి వెళ్లారు. హీబ్రూ రచయితలకు ఆ పట్టణం ఆనాడు కూడలి. వెచ్చని దేశం నుండి తిరిగి వచ్చిన పక్షిని పలకరించే ఆయన తొలి కవిత 1892లో అచ్చయింది. 1893లో మాన్యా అనే యువతిని వివాహమాడారు. కొన్నేళ్లు అడవి ప్రాంతంలో కలప వ్యాపారం చేసినా అది కలిసిరాలేదు. 1897లో సోస్నోవియెత్స్ అనే ఊరిలో ఉపాధ్యాయునిగా చేరారు. రష్యా, జర్మనీ సామ్రాజ్యాల సరిహద్దున ఉన్న ఊరు అది.

సరిహద్దు ఊళ్ల బడులలో పాఠాలు చెప్పేవారికి ఆయన స్థితి సులభంగా అర్థమవుతుంది. యూదుల ఇళ్లలో యిడ్డిష్, ప్రార్థనలో హీబ్రూ, ప్రభుత్వ కచేరీలో రష్యన్, సంతలో పోలిష్ లేదా ఉక్రేనియన్ భాషలు నడిచేవి. మన ఇంట తెలుగు, బడిలోనూ బస్సు పలక మీదా కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో ఉన్నట్లే అది కూడా. 1900లో ఆయన ఒడెస్సాకు తిరిగి వచ్చి అక్కడ ఉపాధ్యాయునిగా కుదురుకున్నారు. మరుసటి ఏడు తొలి కవితా సంపుటి వెలువడింది. అదే కాలంలో మిత్రులతో కలిసి, పిల్లలకు హీబ్రూ పాఠ్యపుస్తకాలు అచ్చువేసేందుకు మోరియా అనే ప్రచురణ సంస్థను స్థాపించారు.

కిషినేవ్ ఘోరం

ఆనాటి రష్యాలో యూదుల బతుకు ఎటువంటిదో ఇక్కడ కొంత చెప్పుకోవాలి. 1897 జనగణన నాటికి ఆ సామ్రాజ్యంలో సుమారు 50 లక్షల మంది యూదులు ఉండేవారు. పశ్చిమ భాగంలోని కొన్ని జిల్లాలలో మాత్రమే వారు నివసించవచ్చునని చట్టం. 1882 తరువాత ఆ జిల్లాలలో సైతం పల్లెలలో కొత్తగా స్థిరపడడానికి వారికి అనుమతి లేకపోయింది. 1881లో రెండవ అలెగ్జాండర్ చక్రవర్తి హత్యకు గురైనప్పుడు ఆ నేరాన్ని యూదులందరికీ అంటగట్టి, వందలాది ఊళ్లలో మూకలు వారి ఇళ్లపై పడ్డాయి. అటువంటి దాడికి రష్యన్ భాషలో పోగ్రోమ్ అని పేరు. సర్వనాశనమని దాని అర్థం.

కిషినేవ్ నేడు మోల్డోవా దేశానికి రాజధాని. 1903 నాటికి ఆ నగర జనాభాలో ఇంచుమించు సగం మంది యూదులే. ఆ ఏడాది దగ్గరలోని దుబొసారీ అనే ఊరిలో ఒక క్రైస్తవ బాలుడు హత్యకు గురయ్యాడు. హంతకుడు ఆ బాలుని బంధువేనని తరువాత తేలింది. కాని పండుగ రొట్టెలలో కలిపేందుకు యూదులు క్రైస్తవ శిశువుల రక్తం తీస్తారనే పాత అబద్ధాన్ని ఒక స్థానిక దినపత్రిక రోజుల తరబడి ఊదరగొట్టింది. ఈస్టర్ పండుగ నాడు, ఏప్రిల్ 19న, మూకలు వీధులలోకి వచ్చాయి. మొదట అద్దాలు పగిలాయి, తరువాత దుకాణాలు దోపిడీకి గురయ్యాయి, మరునాటికి హత్యలు, అత్యాచారాలు సాగాయి. 49 మంది యూదులు ప్రాణాలు కోల్పోయారు. వందలాది మంది గాయపడ్డారు. నగరంలో పోలీసులు ఉన్నారు, సైన్యం ఉంది. అయినా రెండవ రోజు సాయంకాలం వరకు వారిని ఎవరూ గట్టిగా కదిలించలేదు.

ఒడెస్సాలో ఉన్న చరిత్రకారుడు సైమన్ దుబ్నోవ్, ఆలోచనాపరుడు అహద్ హాఆమ్, బియాలిక్ మొదలైన రచయితలు ఈ వార్త విని సమావేశమయ్యారు. తమను ఎవరో కాపాడుతారని ఎదురుచూడడం మాని, ప్రతి ఊరిలోనూ యూదులు ఆత్మరక్షణకు సంఘటితం కావాలని పిలుపునిచ్చే ఒక రహస్య లేఖను సిద్ధం చేశారు. అహద్ హాఆమ్ దానిని వ్రాశారు. పోలీసుల భయం వలన వ్యక్తుల పేర్లు లేకుండా హీబ్రూ రచయితల సంఘం పేరిట అది వెళ్లింది. జరిగినదానిని సాక్ష్యాలతో నమోదు చేయాలని కూడా వారు నిశ్చయించారు. ఆ బాధ్యత బియాలిక్ మీద పడింది.

కవిత, కావలి దళాలు

ఆ వేసవిలో బియాలిక్ దీర్ఘకవిత వ్రాశారు. ప్రభుత్వ పరిశీలకుల కళ్లు గప్పేందుకు, 17వ శతాబ్దంలో నెమిరోవ్ పట్టణంలో జరిగిన నరమేధం గురించిన కావ్యమన్నట్లుగా పేరు మార్చి అచ్చువేయవలసి వచ్చింది. వధ్యనగరంలో అనే అసలు పేరుతోనే అది తరువాత లోకప్రసిద్ధమైంది. ఆ కవిత హంతకులను నిందించి ఊరుకోలేదు. తమ స్త్రీలు చెరచబడుతూ ఉంటే చీకటి మూలలలో దాగి ఊపిరి బిగబట్టిన పురుషులను సిగ్గుపడేలా నిలదీసింది. దైవాన్ని సైతం వదలలేదు. 1904లో వ్లదీమిర్ జబొటిన్‌స్కీ దానిని రష్యన్ భాషలోకి అనువదించడంతో హీబ్రూ రాని యువకులకు కూడా చేరింది.

కవిత ఒక్కటే రక్షక దళాలను పుట్టించిందని చెప్పడం న్యాయం కాదు. 1881లోనే ఒడెస్సా విద్యార్థులు అటువంటి ప్రయత్నం చేశారు. 1903లో కూడా కవిత అచ్చు కాకముందే యువకులు పలుచోట్ల జట్లుగా ఏర్పడ్డారు. ఒడెస్సాలో జబొటిన్‌స్కీ, తరువాతి కాలంలో టెల్ అవీవ్ నగరానికి తొలి మేయరు అయిన మెయిర్ దిజెన్‌గాఫ్ మొదలైనవారు ధనవంతుల వద్ద చందాలు పోగుచేశారు. కొన్ని రివాల్వర్లు, గడ్డపారలు, కసాయి కత్తులు సమకూర్చారు. ప్రాణరక్షణ కోసం ఎదురుదాడి చేయడం చట్టరీత్యా నేరం కాదని వివరించే కరపత్రాలను రష్యన్, యిడ్డిష్ భాషలలో పంచారు. విద్యార్థులు, చేతివృత్తులవారు, కూలీలు వాటిలో చేరారు. అప్పటికే నడుస్తున్న ఈ పనికి బియాలిక్ కవిత నైతిక బలాన్ని ఇచ్చింది. ఇంటిలో కూర్చోవడం సిగ్గుచేటనే భావాన్ని ఒక తరం గుండెలలో నాటింది.

ప్రభుత్వం మాత్రం ఈ దళాలను శత్రువులుగానే చూసింది. ఆత్మరక్షణ సంఘాలను సహించరాదని హోం మంత్రి ప్లేవే అదే సంవత్సరం గవర్నర్లకు ఉత్తరువులు పంపారు. 1903 సెప్టెంబరులో గోమెల్ పట్టణంలో దాడి జరిగినప్పుడు యూదు యువకులు ఎదురొడ్డి నిలిచారు. సైనికులు దోపిడీ మూకకు అడ్డుపడకుండా, కాపాడవచ్చిన యువకులకే అడ్డుపడ్డారు. తరువాత జరిగిన విచారణలో దాడి చేసినవారితో పాటు ఎదిరించినవారిని కూడా బోనులో నిలబెట్టారు. తన ఇంటి గుమ్మం కాపాడుకున్నవానికీ, ఆ గుమ్మం విరగగొట్టినవానికీ తేడా చూడని న్యాయం అది.

1905 వసంతంలో బియాలిక్ పెరిగిన జితోమీర్ వంతు వచ్చింది. అక్కడి రక్షక దళం వీధులలో గట్టిగా నిలబడింది. ఆ దళంతో కలిసి పోరాడినవారిలో నికొలాయ్ బ్లినోవ్ అనే రష్యన్ విద్యార్థి ఉన్నాడు. అతడు యూదుడు కాదు, క్రైస్తవుడు. మూక చేతిలో ప్రాణం విడిచాడు. జితోమీర్‌ను ఆదుకొనేందుకు చూద్నోవ్ అనే ఊరి నుండి బయలుదేరిన యూదు యువకులలో పదిమందిని దారిలో త్రోయానోవ్ గ్రామం వద్ద చంపివేశారు. అదే సంవత్సరం అక్టోబరులో వందలాది ఊళ్లలో దాడులు చెలరేగాయి. ఒడెస్సాలో 400 మందికి పైగా యూదులు హతులయ్యారు. అక్కడ కాపలా యువకులు మూకలను కొన్ని వీధులలో నిలువరించినా, పోలీసులు, సైనికులు వారి మీదనే కాల్పులు జరిపారు. స్వచ్ఛంద కావలి ఎంత ధైర్యవంతమైనదైనా, రాజ్యమే పగబట్టినప్పుడు దాని శక్తికి ఒక హద్దు ఉంటుందని ఆ నెల తేల్చి చెప్పింది. అయినా దళాలు నిలిచిన వీధులలో ఎందరో బతికి బయటపడ్డారనేదీ నిజమే.

నోటు పుస్తకాలు చెప్పిన నిజం

ఇక ఆ నోటు పుస్తకాల సంగతి. బియాలిక్ మరణించిన చాలా కాలానికి, 1991లో అవి పుస్తకరూపంలో వెలువడ్డాయి. వాటిని చదివినవారికి ఒక విషయం ఆశ్చర్యం కలిగించింది. కిషినేవ్ యూదులందరూ చీకటి మూలలలో దాగలేదు. రెండవ రోజు ఉదయం కొత్త బజారు వద్ద కొందరు కర్రలు, చేతికందిన ఆయుధాలు పట్టుకొని మూకకు ఎదురు నిలిచారు. వారిని చెదరగొట్టినది మూక కాదు, పోలీసులు. తమ ఇంటివారిని కాపాడబోయి దెబ్బలు తిన్నవారు కూడా ఉన్నారు. ఈ సాక్ష్యాలను స్వయంగా విని, స్వయంగా వ్రాసుకున్న బియాలిక్ తన కవితలో వారికి చోటు ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదో పండితులు రకరకాలుగా వివరించారు. నిద్రపోతున్న సమాజాన్ని లేపాలంటే కొరడా కావాలని ఆయన తలచి ఉండవచ్చు. కవి పని వేరు, సాక్షి పని వేరు అని కూడా అనవచ్చు. ఆ కొరడా దెబ్బకు లేచినవారే గోమెల్‌లోనూ, జితోమీర్‌లోనూ నిలబడ్డారన్నది కాదనలేం. కాని కిషినేవ్ బాధితుల వైపు నుండి చూస్తే ఆ కవిత వారికి రెండవ గాయం. ఇల్లు పోయింది, అయినవారు పోయారు, ఆ పైన పిరికివారనే పేరు మిగిలింది. తరతరాలుగా బడిపిల్లలు ఆ కవితను చదివి, కిషినేవ్‌లో ఎవరూ చేయి ఎత్తలేదని నమ్మారు.

దెబ్బ తిన్నవారినే తప్పుపట్టడం లోకంలో చాలా సులభమైన పని. బరి తెగించిన మూక ముందు, ఆయుధం ధరించిన పోలీసు ముందు, పసిబిడ్డను చంకనెత్తుకున్న తండ్రి ఏమి చేయగలడన్నది దూరాన ఉన్నవారికి తెలియదు. దాగి ప్రాణం కాపాడుకొనడం కూడా ఒక్కొక్కప్పుడు కుటుంబాన్ని కాపాడడమే. కవిగా బియాలిక్ వారిపట్ల కఠినంగా వ్యవహరించారు. అయితే వారి మాటను పొల్లుపోకుండా వ్రాసి భద్రపరచినదీ ఆ బియాలిక్ చేయే. ఆ పుస్తకాలను ఆయన చించివేయలేదు. ఎనభై ఎనిమిది ఏళ్ల తరువాత ఆ పుస్తకాలే కిషినేవ్ ప్రజల పరువును నిలబెట్టాయి.

చివరి సంవత్సరాలు

1908 తరువాత బియాలిక్ కవితలు వ్రాయడం బాగా తగ్గించారు. మిత్రుడు రవ్‌నిత్‌స్కీతో కలిసి ప్రాచీన యూదు గ్రంథాలలో చెల్లాచెదురుగా ఉన్న కథలను, గాథలను ఏర్చి కూర్చి సామాన్యులు చదువుకొనే విధంగా గొప్ప సంకలనాన్ని వెలువరించారు. విప్లవానంతరం రష్యాలో హీబ్రూ ప్రచురణకు చోటు లేకుండా పోయింది. 1921లో రచయిత మక్సీం గోర్కీ చొరవతో బియాలిక్‌కూ మరికొందరు హీబ్రూ రచయితలకూ దేశం విడిచి వెళ్లే అనుమతి లభించింది. బెర్లిన్‌లో కొంతకాలం గడిపి, 1924లో టెల్ అవీవ్ చేరారు. ఆయనకు సంతానం లేదు. అయినా ఆయన వ్రాసిన పిల్లల పాటలు హీబ్రూ మాట్లాడే ఇళ్లలో నేటికీ వినిపిస్తాయి. శస్త్రచికిత్స కోసం వియన్నాకు వెళ్లి, 1934 జులై 4న అక్కడే 61 ఏళ్ల వయసులో కన్నుమూశారు. టెల్ అవీవ్‌లో ఆయన నివసించిన ఇల్లు నేడు ప్రదర్శనశాలగా ఉంది. ఆయనను కిషినేవ్ పంపిన దుబ్నోవ్ 1941లో రీగా నగరంలో నాజీల చేతిలో హతులయ్యారు.

నేటి గుమ్మాల వద్ద

యూదులు మన దేశానికి కొత్తవారు కారు. కొచ్చిన్‌లో 1568 నాటి ప్రార్థనా మందిరం ఉంది. గుంటూరు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం కుటుంబాలు యూదు మతాన్ని ఆచరిస్తున్నాయి. మన గడ్డ మీద శతాబ్దాల పాటు వారు నిర్భయంగా జీవించారు. 2008 నవంబరులో ముంబయిలోని నారిమన్ హౌస్‌పై ఉగ్రవాదులు జరిపిన దాడి ఆ మంచి చరిత్రకు తగిలిన గాయం.

ఐరోపాలో, అమెరికాలో ఎన్నో యూదు ప్రార్థనా మందిరాల గుమ్మాల వద్ద నేటికీ స్వచ్ఛంద సేవకులు నిలబడుతున్నారు. బ్రిటన్‌లో 1994 నుండి పనిచేస్తున్న కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్ అటువంటివారికి శిక్షణ ఇస్తోంది. వారు వచ్చేపోయేవారిని గమనిస్తారు, వదిలేసిన సంచులను కనిపెడతారు, అనుమానం కలిగితే పోలీసులకు తెలియజేస్తారు. లోపల తమవారు ప్రార్థన చేసుకుంటూ ఉంటే బయట చలిలో నిలబడతారు. 2015 ఫిబ్రవరిలో కోపెన్‌హేగెన్‌లో ఒక బాలిక వేడుక జరుగుతుండగా మందిరం బయట కాపలా ఉన్న స్వచ్ఛంద యువకుడు తుపాకి గుండుకు బలి అయ్యాడు. 2019 అక్టోబరులో జర్మనీలోని హాలె పట్టణంలో, యూదుల పర్వదినాన, గట్టిగా గడియ వేసిన తలుపు సాయుధుడైన దుండగుణ్ణి ఆపింది. లోపల ఉన్న సుమారు యాభై మంది బతికారు. ఆ కోపంతో అతడు బయట ఇద్దరిని చంపాడు.

1903కూ నేటికీ మధ్య ఒక పెద్ద మార్పు ఉంది. ఆనాడు కాపలా యువకుని మీద పోలీసు తుపాకి గురిపెట్టాడు. నేడు ఆ దేశాలలో పోలీసు, స్వచ్ఛంద సేవకుడు ఒకే గుమ్మం వద్ద నిలబడుతున్నారు. ఆ మార్పు తేలికగా రాలేదు. చట్టం మారాలి, పొరుగువారి మనసు మారాలి, జరిగిన ఘోరాన్ని దాచకుండా వ్రాసి పెట్టేవారు ఉండాలి.

బియాలిక్ కథను మన పిల్లలకు చెప్పేటప్పుడు కవితతో ఆపవద్దు. ఆయన నోటు పుస్తకాల గురించి చెప్పండి. కొత్త బజారులో కర్రలు పట్టుకొని నిలిచిన ఆ పేరులేని మనుషుల గురించి చెప్పండి. తనవారు కాని వారి కోసం జితోమీర్ వీధిలో నేలకొరిగిన బ్లినోవ్ గురించి చెప్పండి. సంఖ్యలో తక్కువగా ఉన్నవారు ఏ ఊళ్లోనైనా తలుపు వేసుకొని నిశ్చింతగా నిద్రపోవాలంటే, ఆ తలుపు బయట మెలకువగా ఉండేవారిలో పక్కింటివాడు కూడా ఉండాలి.